ముంతలు వేసే మొక్క: రాలిన ఆకులతో బతికే పెరియుక్ కెరా

(ఈ వారం ఎపిసోడ్ పూర్తి పాఠం. వినే తీరిక లేనివాళ్ళ కోసం, డేటా ఆదా చేసుకునేవాళ్ళ కోసం మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ పెడుతున్నాం.)

షిఫ్టు దిగి బస్సులో వింటున్నారో, రూములో కూర పొయ్యి మీద పెట్టి వింటున్నారో, ఓ పావుగంట నాతో ఉండండి. పోయిన వారాల్లో పర్మిట్ల గురించి, జీతం స్లిప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం ఒక మొక్క గురించి. "మొక్కేంటన్నా, మాకు పనికొచ్చే సంగతి చెప్పు" అంటారేమో. పనికొస్తుంది, చివరిదాకా వినండి. తెలియక ఈ మొక్కను సూట్‌కేసులో పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో చిక్కుల్లో పడతారు.

సంగతేంటంటే, జొహోర్ వైపు పామాయిల్ తోటలో పనిచేసే ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. తోట దాటాక అడవి మొదలయ్యే చోట, చెట్ల కింద, నేల నిండా చిన్న చిన్న ముంతలు. ఆకుపచ్చవి కొన్ని, ఎర్ర మచ్చలవి కొన్ని. ఎవరో కుమ్మరాయన ఆరబెట్టి వెళ్ళినట్టు ఉన్నాయి. మూడు ప్రశ్నలు అడిగాడు. ఒకటి, ఇదేంటి? రెండు, ఇందులో నీళ్ళున్నాయి, దోమ పిల్లలున్నాయి, డెంగీ వస్తుందా? మూడు, ఊరికి పట్టుకెళ్ళొచ్చా? వరసగా మూడింటికీ జవాబు చెప్పుకుందాం.

మొదటి ప్రశ్న. మలయ్‌లో దీన్ని పెరియుక్ కెరా అంటారు. పెరియుక్ అంటే కుండ, కెరా అంటే కోతి. కోతి కుండ అన్నమాట. శాస్త్రం పేరు నెపెంథిస్ ఆంపులేరియా. నెపెంథిస్ అన్న మాట మీకు కొత్త కాదు. స్కూల్లో కీటకాహార మొక్కల పాఠంలో చదువుకున్నాం, గుర్తుందా? బొమ్మలో కూజా లాంటి ఆకు, దానికో మూత, కింద "నెపెంథిస్" అని రాసి ఉండేది. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు. ఆ నెపెంథిస్‌లో ఒక్క మొక్క కాదు, 150కి పైగా జాతులు ఉన్నాయి. బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ వాటికి పుట్టిళ్ళు. మనం ఉంటున్న మలేషియాలో చాలా జాతులే ఉన్నాయి. తమ్ముడి ఫోటోలో ఉన్నది వాటిలో ఒకటి. ఈ ఆంపులేరియా మలయా ద్వీపకల్పం, సింగపూర్, సుమత్రా, బోర్నియో నుంచి అటు న్యూగినీ దాకా పెరుగుతుంది.

ముందు ముంత ఏంటో చూద్దాం. చాలామంది పువ్వు అనుకుంటారు. పువ్వు కాదు, కాయ కాదు. అది ఆకే. ఆకు చివర ఒక తీగ సాగుతుంది, ఆ తీగ కొస ఉబ్బి ముంత అవుతుంది. పూర్తిగా పెరిగేదాకా మూత మూసుకునే ఉంటుంది, లోపల మొక్క తనే ఊరించిన రసం ఉంటుంది. తరవాత మూత తెరుచుకుంటుంది.

మామూలు నెపెంథిస్ ఎలా పనిచేస్తుందంటే, ముంత అంచు దగ్గర తియ్యటి తేనె ఊరుతుంది. చీమ వాసన పట్టి వస్తుంది. ముంత అంచు తడిస్తే, కొత్తగా తుడిచిన టైల్స్ మీద కాలు జారినట్టు జారుతుంది. పడిన చీమ పైకి ఎక్కలేదు. చాలా జాతుల్లో లోపలి గోడ పైభాగం మైనం పూసినట్టు ఉంటుంది, కాళ్ళు నిలవవు. చివరికి రసంలో మునుగుతుంది, జీర్ణరసాలు దాన్ని కరిగిస్తాయి, మొక్క పీల్చుకుంటుంది. కొన్ని జాతుల్లో రసం చాలా పుల్లగా ఉంటుంది, మన కడుపులో ఆమ్లం లాగా.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. ఈ మొక్క పురుగుల్ని తిని కడుపు నింపుకోదు. దాని బువ్వ మిగతా మొక్కల్లాగే ఎండ నుంచే. ఆకులు పచ్చగా ఉన్నాయి కదా, అన్నం అవే వండుకుంటాయి. మరి పురుగులెందుకు? ఎరువు కోసం. నత్రజని, భాస్వరం. వ్యవసాయం చేసిన వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే యూరియా, డీఏపీ. మన చేలో మనం చల్లుతాం. ఈ మొక్కకి చల్లేవాళ్ళు లేరు, నేలలో అంతకంటే లేదు.

ఆ నేల సంగతి వినండి. బోర్నియోలో ఇది పెరిగే ఒక రకం అడవిని కెరంగాస్ అంటారు. ఇబాన్ తెగవాళ్ళ మాట అది. దానర్థం ఏంటో తెలుసా? వరి పండని నేల. తెల్లటి ఇసుక, వాన పడితే సారమంతా కొట్టుకుపోతుంది. రెండో రకం పీట్ నేల. వేల ఏళ్ళుగా ఆకులూ కొమ్మలూ నీళ్ళలో నాని, పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకున్న నల్లటి చిత్తడి. చూడ్డానికి పేడకుప్పలా సారంగా కనబడుతుంది గానీ మొక్కకి అందేది తక్కువ. అలాంటి చోట్ల, వేరు కింద దొరకనిది ఆకు పైన సంపాదించుకుంటుంది ఈ మొక్క.

ఇప్పటిదాకా చెప్పింది నెపెంథిస్ కుటుంబం మొత్తానికి వర్తించే కథ. మన ఆంపులేరియా దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఫోటో జాగ్రత్తగా చూడండి. పాఠంలోని బొమ్మలో మూత ముంత మీదికి గొడుగులా వంగి ఉంటుంది. వాన నీళ్ళు పడి రసం పల్చబడకుండా అడ్డం అది. ఆంపులేరియాకి మూత సన్నగా, చిన్నగా ఉంటుంది, పైగా వెనక్కి మడుచుకుపోయి ఉంటుంది. ముంత నోరు బార్లా తెరిచి ఆకాశం వైపు చూస్తుంటుంది. మిగతా వాటిలా లోపల మైనం పూత ఉండదు. రసం పులుపు కూడా తక్కువే. ముంతలు పొట్టిగా, పొట్ట ఉబ్బి, ఒకదాని పక్కన ఒకటి నేల మీద పరుచుకుని ఉంటాయి. తీగ మాత్రం చెట్లు పట్టుకుని పైకి పాకుతుంది, 15 మీటర్ల దాకా కూడా. ఆ పై ఆకులకు ముంతలు దాదాపు రావు. ముంతలన్నీ కిందే.

పురుగుని పట్టే బోను అయితే ఇలా ఎందుకుంటుంది? ఇది పురుగు కోసం ఒక్కటే పెట్టింది కాదు కాబట్టి. పైన పెద్ద చెట్లు. రోజంతా ఆకులు, పూరేకులు, చిన్న పుల్లలు రాలుతుంటాయి. అవి నేరుగా ముంతల్లో పడతాయి. వాన నీళ్ళు కూడా పడతాయి, నానతాయి, కుళ్ళుతాయి. అందులోంచి వచ్చే నత్రజనిని మొక్క పీల్చుకుంటుంది. చీమలూ చెదలూ పడితే వాటినీ వదలదు. కానీ ఆకు చెత్తే దానికి పెద్ద ఆదరువు. అంటే ఒక్కో ముంతా ఒక్కో చిన్న పెంటగొయ్యి. మన ఊళ్ళో చేను పక్కన చెత్తా చెదారం వేసి ఎరువు చేసుకున్నట్టే.

ఇది ఊహ కాదు, లెక్క తేల్చారు. జోనాథన్ మొరాన్, చార్లెస్ క్లార్క్, బార్బరా హాకిన్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2003లో దీని మీద పరిశోధన ప్రచురించారు. వాళ్ళ ఉపాయం ఇది. నత్రజనిలో మామూలు రకం ఒకటి, కొంచెం బరువు రకం ఒకటి ఉంటాయి. పురుగుల ఒంట్లో బరువు రకం పాలు కాస్త ఎక్కువ, రాలిన ఆకుల్లో తక్కువ. కాబట్టి మొక్క ఆకుని పరీక్షిస్తే, అది దేని మీద బతుకుతోందో తెలిసిపోతుంది. చెట్ల నీడలో ఉన్న మొక్కల్నీ, పైన చెట్లు లేని చోట ఉన్న మొక్కల్నీ పోల్చి చూశారు. నీడలో ఉన్నవాటి ఆకుల్లోని నత్రజనిలో సుమారు 35 శాతం రాలిన ఆకుల నుంచే వచ్చిందని తేలింది. మూడో వంతుకి పైనే.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. ఈ మొక్కకి కావాల్సింది నేల ఒక్కటే కాదు, పైనున్న చెట్టు కూడా. చెట్లు కొట్టేస్తే, మొక్కను ఎవరూ ముట్టుకోకపోయినా దాని కంచంలో పడే కూడు ఆగిపోతుంది. దీన్ని మనసులో పెట్టుకోండి, మూడో ప్రశ్నలో మళ్ళీ పనికొస్తుంది.

ఇక రెండో ప్రశ్న. దోమలు. మంచి ప్రశ్న ఇది. ఎందుకంటే క్వార్టర్స్‌లో ఒకరికి డెంగీ వస్తే పక్క మంచం వాడికీ భయమే. ముంతల్లో దోమ లార్వాలు ఉంటాయి, నిజమే. జీర్ణరసంలో కరిగిపోవాల్సింది పోయి వాటికి అది ఇల్లయింది. వాటిలో ఎక్కువ భాగం ఈ ముంతల్లోనే బతకడానికి అలవాటుపడిన అడవి జాతులు. అవి ఊరికే కూర్చోవు, పడిన ఆకుల ముక్కల్నీ, కుళ్ళిన పదార్థాన్నీ తింటాయి, విసర్జిస్తాయి. ఆ విసర్జనలో నత్రజని మొక్కకి తేలిగ్గా అందుతుంది. వంట మనిషిని పెట్టుకున్నట్టే. డెంగీ దోమ సంగతి వేరు. దాన్ని వెతకాల్సింది మన దగ్గరే. బాత్‌రూమ్ బయట పెట్టిన బకెట్, పాత టైరు, పూలకుండీ కింద పళ్ళెం, సైట్‌లో నీళ్ళు నిలిచిన డ్రమ్ము. ముందు అవి బోర్లించండి. అడవిలో ముంతలు బోర్లిస్తే మనకొచ్చే లాభం ఏమీ లేదు, మొక్క నోటి దగ్గర కూడు తీసేయడం తప్ప.

దోమలే కాదు, ఆ ముంత ఒక చిన్న చెరువు. చిన్న పీతలు వచ్చి లోపల ఉన్నది ఏరుకు తింటాయి. సరావాక్‌లో కుబా నేషనల్ పార్కు దగ్గర ఒక కప్ప ఉంది. దాని గురించి ఇంద్రనీల్ దాస్, అలెగ్జాండర్ హాస్ అనే శాస్త్రవేత్తలు 2010లో ప్రకటించారు. పెరిగిన మగ కప్ప 13 మిల్లీమీటర్లు కూడా ఉండదు, మన చిటికెన వేలి గోరంత. దాని తోకకప్పలు పెరిగేది ఈ ఆంపులేరియా ముంతల నీళ్ళలోనే. అంటే అక్కడ ఒక ముంత పగిలితే ఒక కాన్పు పోయినట్టే.

చుట్టాల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, భలేగా ఉంటాయి. సబాలో కినాబాలు కొండ మీద నెపెంథిస్ రాజా అని ఒకటుంది. ఒక్కో ముంతలో రెండు మూడు లీటర్ల నీళ్ళు పట్టేంత పెద్దది. ఎప్పుడైనా ఎలుక పడి మునిగినట్టు కూడా రాశారు. కానీ దానికి, దాని పక్కనే పెరిగే లోవీ అనే జాతికి, ఇంకో సంపాదన ఉంది. ఉడుత లాంటి చిన్న జంతువు మూత మీద తేనె నాకడానికి వచ్చి, ముంత మీదే కూర్చుని పెంటిక వేసి పోతుంది. మొక్కకి అదే ఎరువు. బోర్నియోలోనే ఇంకో జాతి ముంతలో గబ్బిలం పగలంతా పడుకుంటుంది. అద్దె కింద రెట్ట ఇచ్చి పోతుంది. ఇలా సారం లేని చోట ఎవరి దారి వాళ్ళు వెతుక్కున్నారు.

మన దేశంలో ఉందా అంటే, ఒక్క జాతి ఉంది. నెపెంథిస్ ఖాసియానా, మేఘాలయ కొండల్లో. అక్కడి గారో వాళ్ళు దాన్ని దయ్యం బుట్ట అనే అర్థంలో మెమాంగ్ కోక్సి అంటారు. ఆంధ్రాలో, తెలంగాణలో ముంతల మొక్క అడవిలో పెరగదు. కానీ పురుగుల్ని పట్టే మొక్కలు మన దగ్గరా ఉన్నాయి. డ్రాసిరా అని, వానలు తగ్గాక తడి ఇసుక నేలల్లో, గడ్డిలో, రూపాయి బిళ్ళంత ఎర్రగా నేలకి అంటుకుని ఉంటుంది. ఆకుల మీద జిగురు చుక్కలు మెరుస్తుంటాయి. పశువులు కాసిన వాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళే ఉంటారు. ఈసారి సెలవుకి వెళ్ళినప్పుడు వంగి చూడండి.

ఇప్పుడు మూడో ప్రశ్న. ఊరికి పట్టుకెళ్ళొచ్చా? సూటిగా చెప్తున్నా: వద్దు. ఎందుకో రెండు వైపుల నుంచి చెప్తాను. ఒకటి చట్టం, రెండు మొక్క.

చట్టం సంగతి. దేశాల మధ్య అరుదైన జంతువుల, మొక్కల వ్యాపారం మీద సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. నెపెంథిస్ జాతులన్నీ దాని జాబితాల్లో ఉన్నాయి. కినాబాలు రాజా, మేఘాలయ ఖాసియానా ఈ రెండూ అన్నిటికంటే కట్టుదిట్టమైన మొదటి జాబితాలో ఉన్నాయి. మిగతావి, మన ఆంపులేరియాతో సహా, రెండో జాబితాలో. అంటే ప్రాణమున్న మొక్క సరిహద్దు దాటాలంటే పర్మిట్ కాగితం ఉండాలి. మలేషియాలో దీనికోసం 2008లో చేసిన చట్టం ఉంది. జరిమానా మన జీతాలతో కట్టేది కాదు, జైలు కూడా పడొచ్చు. ఇక్కడ దాటినా అక్కడ ఇండియాలో మొక్కల దిగుమతి మీద 2003 నాటి ఉత్తర్వు ఉంది. పురుగూ తెగులూ లేవని సర్టిఫికెట్, ముందే తీసుకున్న అనుమతి, రెండూ అడుగుతారు. నర్సరీలో కొన్నాను అన్నా, బిల్లు చూపించినా, ఆ కాగితాలు లేకపోతే ఆగిపోతుంది.

ఇంకో మాట, ఇది ముఖ్యం. అడవి పక్కన పనిచేసే వాళ్ళ దగ్గరికి ఎవరైనా వచ్చి, "ఈ రకం మొక్కలు తవ్వి తెస్తే మొక్కకి ఇంత ఇస్తా" అంటే ఒప్పుకోకండి. అరుదైన నెపెంథిస్ కోసం డబ్బు పెట్టే సేకరణదారులు లోకంలో ఉన్నారు, ఆ డబ్బు కోసం తవ్వించేవాళ్ళూ ఉన్నారు. పట్టుబడితే దొరికేది తవ్విన చెయ్యి. అడిగినవాడి ఫోన్ నంబర్ కూడా మర్నాడు పనిచేయదు. పర్మిట్ మీద వచ్చినవాళ్ళం, కేసు పడితే పోయేది మొక్కల డబ్బు ఒక్కటే కాదు, పని, వీసా, మళ్ళీ వచ్చే దారి కూడా.

ఇక మొక్క వైపు నుంచి. అనుకుందాం, ఎవరూ పట్టుకోలేదు, కరీంనగరో శ్రీకాకుళమో చేరింది. అక్కడేమవుతుంది? దీనికి రాత్రీపగలూ గాల్లో తడి ఉండాలి. మన మే నెల వడగాలికి ముంతలు ముందు ఎండుతాయి. బోరు నీళ్ళు పోస్తే అందులో ఉప్పులు వేరుకి పడవు. ఎంతో ప్రేమగా పశువుల ఎరువూ, కాస్త యూరియా వేస్తాం కదా, ఆ ఎరువే దాని వేళ్ళని కాల్చేస్తుంది. నేలలో సారం పెరిగితే నెపెంథిస్ ముంతలు వేయడం తగ్గిస్తుందని పరిశీలించారు కూడా. అవసరం లేని చోట ముంత ఎందుకు వేస్తుంది? మనం తీసుకెళ్ళింది ముంతల కోసం, చివరికి మిగిలేది ఉత్త తీగ, అది కూడా బతికితే.

అంతేకాదు, నెపెంథిస్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మన తాటిచెట్లలో పోతు తాడు వేరుగా ఉన్నట్టే. ఒక్క మొక్క తెచ్చుకుంటే విత్తనం రాదు. అడవిలో ఒక్కటి పీకితే, అక్కడ మిగిలిన దానికి జోడు పోవచ్చు. మనకి ఒక్క మొక్కే, అక్కడ రెండు మొక్కల వంశం.

మరి ఇక్కడివాళ్ళు వాడరా అంటే వాడతారు. వాళ్ళ పద్ధతి వేరు. జిగురు బియ్యం, కొబ్బరి పాలు కలిపి, కడిగిన ముంతల్లో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. లెమాంగ్ పెరియుక్ కెరా అంటారు. చిన్న ముంతలో అన్నం, కొబ్బరి వాసన, మన అరిటాకు భోజనంలా ఆకే గిన్నె. ఎక్కడైనా మార్కెట్లో కనిపిస్తే కొని తినండి. ముంత కోస్తే తీగ మిగులుతుంది, మళ్ళీ ఆకు వేస్తుంది. వేళ్ళతో పెకలిస్తే ఏమీ మిగలదు. తేడా అక్కడుంది. అలాగని మనం వెళ్ళి కోసుకోవాలని కాదు. పార్కుల్లో, రిజర్వు అడవుల్లో ఒక్క ముంత కోయడం కూడా నేరమే అవుతుంది. ఇంకో మాట, తెరుచుకున్న ముంతలో నీళ్ళు తాగకండి. అందులో ఏమేం కుళ్ళుతున్నాయో ఇప్పుడే చెప్పుకున్నాం కదా.

చూడాలనుందా? సరావాక్‌లో ఉన్నవాళ్ళకి కూచింగ్ దగ్గర బాకో నేషనల్ పార్కు ఉంది, కెరంగాస్ నేల మీద నడక దారుల పక్కనే నెపెంథిస్ కనిపిస్తాయి. సబాలో కినాబాలు పార్కు, 1964 నుంచీ రక్షిత అడవి, 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సింగపూర్‌లో ఉన్నవాళ్ళకి, అంత చిన్న దేశంలోనూ మూడు జాతులు సొంతంగా పెరుగుతాయి, ఆంపులేరియా వాటిలో ఒకటి. ఆదివారం సెలవు దొరికితే అందరూ కలిసి వెళ్ళండి, మాల్‌కి వెళ్ళినంత ఖర్చు కూడా కాదు.

పని చేసే చోట కనిపిస్తే ఫోటో తీసుకోండి. ఇంట్లో పిల్లలకి వీడియో కాల్‌లో చూపించండి, వాళ్ళ పుస్తకంలో ఉన్న బొమ్మ ఇదేనని చెప్పండి. మూత ఎందుకు వెనక్కి తిరిగిందో అడగండి, మేష్టారు చెప్పారో లేదో చూద్దాం. ఫేస్‌బుక్‌లో, టిక్‌టాక్‌లో పెడితే మాత్రం చోటు పేరు, లొకేషన్ పెట్టకండి. తవ్వుకుపోయేవాళ్ళు వెతికేది అదే.

వచ్చే వారం పాస్‌పోర్టు రెన్యువల్ గురించి. మీ ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌గా పంపండి, పేరు చెప్పొద్దంటే చెప్పం. ఉంటాను మరి. జాగ్రత్తగా ఉండండి, వేళకి తినండి.